గవరమ్మ గరిటె, ఇరవై మూడో నిబంధన

నిదానం మీద ప్రభుత్వానికి ప్రేమ చాలా హడావిడిగా పుట్టింది.

అంతకు నాలుగేళ్ళ ముందునుంచే తాటిచెర్లపాలెంలో సుందర్రావుగారు వారానికి మూడు రోజులు ఐదారుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని కాలవగట్టు మీద నడుస్తూ ఉండేవారు. ఆ ఊరి లాకుల దగ్గర ఆయన ముప్ఫయ్యొక్కేళ్ళు ఉద్యోగం చేశారు. పడవ వచ్చినప్పుడు వెనక తలుపు మూయించి, నీళ్ళు రెండువైపులా సమానమయ్యేదాకా ఊరుకుని, ముందు తలుపు తీయించడం ఆ ఉద్యోగం. అందులో పని తక్కువ, ఊరుకోవడం ఎక్కువ. రిటైరయ్యేనాటికి కాలవలో పడవలు పోయాయి గాని, ఊరుకోవడం మాత్రం ఆయనకి బాగా పట్టుబడింది.

భార్య కామేశ్వరి పోయిన ఏడాదికి, ఒకనాడు ఆయన లాకు గోడ మీద కూచుని ఉంటే, దారి తప్పి వచ్చిన పట్నపు దంపతులు కారు ఆపి, "ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయండీ?" అని అడిగారు.

"ఏమీ లేవండి. కూచోండి," అన్నారాయన.

వాళ్ళు కూచున్నారు. పొద్దు వాలేదాకా లేవలేదు. మరుసటి నెల ఇంకో నలుగుర్ని పంపించారు. అలా మొదలైంది.

వచ్చినవాళ్ళు పొద్దున్నే బస్సు దిగేవారు. గట్టు వెంట నడిచేవారు. కొబ్బరిపీచు తాడు పేనేవాళ్ళు పలకరిస్తే మాట్లాడేవారు, పలకరించకపోతే లేదు. ఫొటో తీయాలనిపిస్తే ముందు అడిగేవారు. గేదెలు ఎదురైతే పక్కకి తప్పుకునేవారు. మధ్యాహ్నం గవరమ్మ ఇంట్లో భోజనం, తర్వాత లాకు గోడ మీద కూచోవడం, సాయంత్రం బస్సు. దీనికి ఒక పేరుంటుందని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

గవరమ్మకి యాభై దాటాయి. మొగుడు పోయాక ఇరవయ్యేళ్ళు పీచు పనికి వెళ్ళి వేళ్ళు వంకరపోయాయి. తాడుకి పనికిరాకుండా పోయిన ఆ చేతికి గరిటె మాత్రం అచ్చంగా అమిరింది. వారానికి మూడు రోజులు ఆమె పొయ్యి పెద్దగా మండేది. ఆ మూడు రోజులే సుందర్రావుగారికి వారం. మిగతా నాలుగూ వాటికోసం కాసుకుని కూచోవడమే.

గవరమ్మ ఇంట్లో భోజనానికి ఒక పద్ధతి ఉంది. ఊరంతటికీ అదే పద్ధతి. వడ్డించేవాళ్ళు ఆపరు, తినేవాళ్ళే ఆపాలి. మొదటి "చాలు" మర్యాదకి అనేది, అది లెక్కలోకి రాదు. రెండో "చాలు" మీద కొంచెం అనుమానపడతారు. మూడోసారి రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, ముందుకి వంగి, "అమ్మా, నీకు పుణ్యముంటుంది" అంటే అప్పుడు గరిటె వెనక్కి వెళుతుంది. అప్పటికీ ఒక చుక్క వేళ్ళ మీద పడుతుంది.

కామేశ్వరి ఉన్నన్నాళ్ళూ సుందర్రావుగారికి ఆ ఇబ్బంది తెలియలేదు. ఆయన మొహమాటస్తుడు, వద్దనలేరు. పక్కన కూచున్న ఆవిడే, ఎవరితోనో మాట్లాడుతూ మాట్లాడుతూ, చెయ్యి చాపి ఆయన ఆకు మీద అడ్డం పెట్టేది. అయినవాళ్ళు పెట్టినా చెల్లుతుంది ఆ ఊళ్ళో. ఆవిడ పోయిన ఏడాదిలో ఆయన తొమ్మిది కిలోలు పెరిగారు. దిగులుతో చిక్కిపోతారని భయపడినవాళ్ళు ఆయన్ని చూసి ఏమనుకోవాలో తెలియక ఊరుకున్నారు.

*

ఇలా ఉండగా రాజధానిలో ఒక సదస్సు జరిగింది. ఇకమీదట లోకమంతా నిదానంగా, స్థానిక సంస్కృతిని గౌరవిస్తూ, చిన్న చిన్న గుంపులుగా తిరగబోతోందని అందులో తేలింది. ఈ విషయంలో మనం వెనకబడకూడదని పదకొండు రోజుల్లో నిదాన పర్యాటక ప్రాధికార సంస్థ ఏర్పాటైంది. దానికి అదనపు సంచాలకులుగా ప్రభంజనరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన రహదారుల శాఖలో ఉండేవారు. అక్కడ బైపాసులు వేగంగా పూర్తిచేసిన అనుభవం ఉందని నిదానం ఆయనకి అప్పగించారు.

నియమావళి రాయడానికి క్షేత్ర అధ్యయనం కావాలి. అందుకోసం ఇద్దరు సలహాదారులు ఒకే పొద్దున్న, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు కార్లలో తాటిచెర్లపాలెం వచ్చారు. మొదటాయన పీచు పాక దగ్గర ఒక ముసలాయన్ని పట్టుకుని, "అతిథి చేయగల పరమ అమర్యాద ఏమిటి?" అని అడిగాడు. "పెట్టింది వద్దనడవండి," అన్నాడు ముసలాయన. సలహాదారు రాసుకున్నాడు. రెండో ఆయన గవరమ్మని, "వడ్డనలో మీ సంప్రదాయం ఏమిటి?" అని అడిగాడు. "మేం ఆపవండి బాబూ. ఆపడం మా ఇంటా వంటా లేదు," అంది గవరమ్మ. ఆయనా రాసుకున్నాడు. ఇద్దరూ నిజాయితీపరులు. ఉన్నది ఉన్నట్టు రాశారు. భోజనానికి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఆగలేదు, టైము లేదు.

ఆ రెండు కాగితాలూ రెండు ఫైళ్ళలో ప్రయాణం చేసి, నియమావళిలో ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

నిబంధన 23: ఆతిథేయి వడ్డించిన ఏ పదార్థమునైనను అతిథి నిరాకరించుట సదరు సంస్కృతి పట్ల అగౌరవముగా పరిగణింపబడును. ఒక పర్యటనలో మూడు నిరాకరణలు నమోదైనచో నిర్వాహకుని అనుమతి రద్దగును.

నిబంధన 24: ఆతిథేయి తన వడ్డన సంప్రదాయమును అతిథి సౌకర్యార్థము ఎట్టి పరిస్థితులలోను సడలించరాదు.

తర్వాత సుందర్రావుగారికి ఒక ఉత్తరం వచ్చింది. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తాటిచెర్లపాలెం గ్రామమందు తమరు గత నాలుగు సంవత్సరములుగా ఎట్టి అనుమతియు లేకుండా నిదానముగా నడచుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. శిక్షణ పొంది, తనిఖీ పర్యటనలో ఉత్తీర్ణులై అనుమతి పత్రము పొందువరకు సదరు నడకను నిలుపుదల చేయవలసినది.'

గవరమ్మకి చదివి వినిపించారు.

"నిదానంగా నడవడానిక్కూడా కాయితం కావాలా అన్నయ్యగారూ?" అందామె. "మరి మా గేదె సంగతేటి? అది పుట్టిందగ్గర్నుంచీ ఇలాగే నడుస్తంది."

"దాన్ని ఊరుకుంటార్లే. మనుషులకే."

"ఆ కాయితం రాపోతే?"

సుందర్రావుగారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. గవరమ్మ తన వంకర వేళ్ళకేసి చూసుకుంది. మళ్ళీ పీచు పాకలోకి వెళ్ళమంటే ఆ వేళ్ళు వెళ్ళలేవని ఇద్దరికీ తెలుసు.

*

శిక్షణ మూడు రోజులన్నారు. వెళ్ళాక గంటన్నరకి కుదించారు, శిక్షకుడికి విమానం టైమవుతోందట. ప్రభంజనరావుగారు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, నిలబడే మాట్లాడారు.

"మిత్రులారా! నిదానం అనేది ఒక మహాయజ్ఞం. దీన్ని మనం యుద్ధప్రాతిపదికన అమలు చెయ్యాలి. వచ్చే ఆర్థిక సంవత్సరానికల్లా నిదానంలో దేశంలోనే అగ్రస్థానానికి శరవేగంతో చేరుకోవాలి!"

చప్పట్లు కొట్టారు. సుందర్రావుగారు లేచి చేతులు కట్టుకున్నారు.

"అయ్యా, చిన్న సందేహం. ఇరవై మూడు ప్రకారం తినేవాడు వద్దనకూడదు. ఇరవై నాలుగు ప్రకారం వడ్డించేవాళ్ళు ఆపకూడదు. ఈ రెండూ ఒకే పంక్తిలో కూచుంటే భోజనం ఎలా ముగుస్తుందండి?"

ప్రభంజనరావుగారు గడియారం చూసుకున్నారు.

"అది విధానపరమైన సమస్య కాదు. క్షేత్రస్థాయి సమస్య. క్షేత్రస్థాయిలో పరిష్కరించుకోండి."

సుందర్రావుగారికి ఒక సర్టిఫికెట్టు, ఒక బొత్తం బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ మీద తాబేలు బొమ్మ ఉంది. తాబేలు పరిగెడుతోంది.

*

తనిఖీ పర్యటనకి సంస్థ పంపిన సంఘంవారు ఏడుగురు వచ్చారు. అందరికంటే ముందు ప్రభంజనరావుగారు. ఆయన వెనక, చేతిలో తుపాకీ లాంటి యంత్రంతో వేగ మాపన అధికారి. ఆయన వెనక నీలం అట్ట రిజిస్టరు గుండెలకి హత్తుకుని, హిమజ అనే సన్నటి అమ్మాయి. ఆమె గౌరవ నమోదు అధికారి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. మిగతా నలుగురూ ఎందుకొచ్చారో వాళ్ళ ఉత్తర్వుల్లో ఉంది.

చిన్న బృందమంటే ఎనిమిదిమందికి మించరాదని నియమావళి. అందువల్ల పర్యాటకులకి మిగిలింది ఒక్క చోటు. ఆ పొద్దున్న బస్సు దిగింది ఆరుగురు. ఐదుగుర్ని టీకొట్టు దగ్గర కూచోబెట్టి, వయసులో పెద్దదని మేరీ సుగుణగారిని మాత్రం రానిచ్చారు. ఆమె రిటైరైన నర్సు. అప్పటికి నాలుగుసార్లు వచ్చి వెళ్ళిన మనిషి.

నడక మొదలైంది. గంటకి రెండు కిలోమీటర్లకి మించరాదు. మించితే, మించినంత దూరమూ వెనక్కి వెళ్ళి మళ్ళీ నడవాలి. ప్రభంజనరావుగారి కాళ్ళు పుట్టుకతోనే బైపాసు కాళ్ళు. నాలుగు అడుగులు వేసేసరికి వెనకనుంచి యంత్రం కీచుమనేది.

"సార్, రెండు పాయింట్ ఏడు."

"మీ యంత్రం సరిగ్గా ఉందా?"

"మొన్ననే మీరే ఆమోదించారు సార్."

అందరూ వెనక్కి వెళ్ళేవారు. మూడోసారి వెనక్కి వెళుతున్నప్పుడు ఒక గేదె వాళ్ళని దాటుకుని ముందుకి పోయింది. వేగ మాపన అధికారి అలవాటుకొద్దీ యంత్రం దానివైపు తిప్పి, "ఒకటి పాయింట్ తొమ్మిది," అన్నాడు మెచ్చుకోలుగా.

మేరీ సుగుణగారు ఈలోపు లాకు గోడ చేరి, చెప్పులు విప్పి, గోడకి జారబడి కళ్ళు మూసుకున్నారు. హిమజ వెళ్ళి పక్కన నిలబడింది.

"అమ్మా, తమరు ప్రస్తుతం స్థానిక సంస్కృతిని అనుభూతి చెందుతున్నారా?"

"నిద్రపోతన్నానమ్మా," అందావిడ కళ్ళు తెరవకుండా. "ముప్ఫయ్యేళ్ళు నైట్ డ్యూటీలు చేశాను. ఇక్కడ నన్ను ఎవరూ లేపరని వస్తాను."

హిమజ రిజిస్టరులో ఆ గడి కోసం వెతికింది. లేదు. ఏం చెయ్యాలో తోచక, ఆవిడ ముఖం మీద పడుతున్న ఎండకి రిజిస్టరు అడ్డం పెట్టి, కాసేపు అలాగే నిలబడింది. సుందర్రావుగారు చూశారు.

అరగంట నడక మూడు గంటల్లో పూర్తయింది. గవరమ్మ ఇల్లు చేరేసరికి రెండున్నర. అందరూ ఆకలితో నకనకలాడుతున్నారు. ముఖ్యంగా ప్రభంజనరావుగారు. అందరికంటే ఎక్కువ దూరం ఆయనే నడిచారు.

*

చాపలు పరిచి అరిటాకులు వేశారు. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, ములక్కాడ జీడిపప్పు, గుత్తొంకాయ, కొర్రమీను పులుసు. బూరెకి బొటనవేలితో బొక్కపెట్టి అందులో నెయ్యి పోసింది గవరమ్మ. మొదటి విడత గడిచినంతసేపూ ఎవరూ నిబంధనల ఊసెత్తలేదు.

రెండో విడతలో మేరీ సుగుణగారు, "చాలమ్మా," అన్నారు. వడ్డన పడింది. "చాలమ్మా" అన్నారు మళ్ళీ. ఇంకొంచెం పడింది. మూడోసారి రెండు చేతులూ అడ్డం పెట్టి, వంగి, "తల్లీ, నీకు పుణ్యముంటుంది," అన్నారు. గవరమ్మ తృప్తిగా నవ్వి ముందుకి కదిలింది. ఒక అతిథీ ఒక ఇల్లాలూ ఒకరినొకరు ఎలా గౌరవించుకోవాలో సరిగ్గా అలాగే జరిగింది.

"నిరాకరణ, ఒకటి," అని రాసుకుంది హిమజ.

సుందర్రావుగారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

వేగ మాపన అధికారి ఐదో బూరె దగ్గర, ఆలోచించకుండా, "బాబోయ్, ఇంక నావల్ల కాదు!" అని ఆకు మీద పడిపోయాడు.

"నిరాకరణ, రెండు." హిమజ గొంతు తగ్గింది. "సార్, ఇంకొక్కటైతే ఈయనకి అనుమతి పోతుంది సార్."

ప్రభంజనరావుగారు చెయ్యి ఎత్తారు. "నిబంధన నిబంధనే. అధ్యక్షస్థానంలో ఉన్నవాణ్ణి, నా వైపునుంచి మాత్రం నిరాకరణ ఉండదు. సంఘ సభ్యులు కూడా ఆదర్శంగా నిలవాలి."

సభ్యులు నలుగురూ ఆదర్శంగా నిలవడానికి భయపడి, ఫోను వచ్చిందని ఒకరు, మాత్రలు వేసుకోవాలని ఒకరు, ఆకులు వదిలి బయటికి జారుకున్నారు. వడ్డన జరిగేముందు లేచినందువల్ల అది నిరాకరణ కిందకి రాదని హిమజ నియమావళి చూసి చెప్పింది. పంక్తిలో అధ్యక్షులవారు మిగిలారు. ఆయన పక్కన సుందర్రావుగారు.

మొదట గవరమ్మకి ఆనందం పట్టలేదు. ఇన్నేళ్ళకి తినే మనిషి దొరికాడు. పప్పు మళ్ళీ వేసింది. ఆయన "చాలు" అనలేదు. పులుసు పోసింది. ఆయన గరిటెకేసి దండం పెట్టబోయి, హిమజకేసి చూసి, చెయ్యి దించేశారు. పెరుగన్నం వేసింది. తిన్నారు. పెరుగు తర్వాత ఏమిటో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అక్కడిదాకా చేతులు అడ్డం పెట్టని మనిషి ఆ ఊళ్ళో పుట్టలేదు. గవరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ పప్పుతో మొదలుపెట్టింది.

మూడున్నరకి ఆమె సుందర్రావుగారి పక్కన వంగింది.

"అన్నయ్యగారూ, ఈ బాబుకి చేతుల్లేవా?"

"ఉన్నాయమ్మా. నిబంధన కూడా ఉంది."

"గిన్నెలో అడుగు కనపడతంది. మా అత్తగారి నాటినుంచీ ఈ ఇంట్లో ఆకు కంటే ముందు గిన్నె ఖాళీ అవలేదు. ఇయ్యాళ నా చేతిలో అయిపోద్దేమోనండి."

కబురు పెరటి గోడ దాటింది. గవరమ్మ ఇంట్లో ఎవరో మహానుభావుడు ఇంకా తింటున్నాడట. పక్కింటినుంచి పప్పు వచ్చింది. ఎదురింటినుంచి పులుసు వచ్చింది. లాకుల అవతలి పేటనుంచి ఎవరింట్లోనో సీమంతానికి చేసిన చలిమిడి వచ్చింది. ఊరి పరువు! పీచు పాకలో ముసలాయన పని ఆపుకుని వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. అతిథి చెయ్యగల పరమ అమర్యాద ఏమిటో ప్రభుత్వానికి చెప్పినవాడు ఆయనే. చాలాసేపు చూసి, "పెట్టింది వద్దనడం తప్పన్నాను గాని, ఎప్పుడూ అననే కూడదన్నానేటండి?" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

నాలుగింటికి ప్రభంజనరావుగారు ఎడంచేత్తో ఫోను తీసి కార్యాలయానికి చేశారు. నిశ్శబ్దంగా ఉండడంతో అవతలి గొంతు కూడా అందరికీ వినపడింది.

"ఇరవై మూడుకి... తాత్కాలిక సడలింపు... వెంటనే..."

"తప్పకుండా సార్. ఫైలు పెడతాను. నిబంధన నాలుగు ప్రకారం సంస్థలో ఫైళ్ళు కూడా నిదాన స్ఫూర్తితోనే కదలాలి కదా సార్. ఒక్కో బల్ల మీద ఏడు రోజులు. ఐదు బల్లలు."

"ఎవడు రాశాడయ్యా ఆ నిబంధన?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "తమరే సార్."

ప్రభంజనరావుగారు ఫోను పెట్టేసి, ఒక్కొక్క మెతుకే తినడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఆ సంస్థ మొత్తమ్మీద నిజంగా నిదానంగా జరిగిన పని అదొక్కటే. మెతుకు తర్వాత మెతుకు. అయినా ఆకు మీద జాగా కనపడగానే గరిటె వచ్చేది.

ఐదింటికి గవరమ్మ ఎదురింటి పులుసుతో మళ్ళీ నిలబడింది. సుందర్రావుగారు పక్కకి తిరిగి చూశారు. ఆ పెద్దమనిషి కళ్ళనిండా నీళ్ళు. చొక్కా గుండీలు రెండు విప్పుకున్నారు. ఎడంచెయ్యి ఆకు వైపు కొంచెం లేచింది, ఆగింది, మళ్ళీ ఒళ్ళోకి పోయింది. తలెత్తి చూస్తే, పైన గవరమ్మ కళ్ళలోనూ నీళ్ళే. ఆపండి బాబూ అని ఆమె చూపు, ఆపమ్మా అని ఆయన చూపు. మధ్యలో గరిటె.

లాకులో రెండువైపులా నీళ్ళు సమానమైనప్పుడు తలుపు దానంతటది తేలికవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు తియ్యాలి. అంతే. ఆయనకి తెలిసిన విద్య అదొక్కటే.

మూడో నిరాకరణంటే ఏమిటో ఆయనకి తెలుసు. వారంలో ఆ మూడు రోజులూ ఉండవు. గవరమ్మ పొయ్యి ఉండదు. అది తలచుకున్నారు. ఆ తర్వాత, తొమ్మిది కిలోలు పెరిగిన ఆ ఏడాదీ తలచుకున్నారు. పక్కన ఎవరూ లేని ఏడాది. చెయ్యి చాపి, ప్రభంజనరావుగారి ఆకు మీద అడ్డం పెట్టారు.

"చాలమ్మా. నీకు పుణ్యముంటుంది."

గరిటె వెనక్కి వెళ్ళింది. గవరమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది.

హిమజ రిజిస్టరు తెరిచి అలాగే నిలబడింది. "మీరు... మీరు పెట్టకూడదు కదండీ. అయినవాళ్ళు పెడితేనే చెల్లుతుందని ఇక్కడివాళ్ళు చెప్పారు. ఆయనకి మీరేమవుతారు?"

"ఏమీ కానమ్మా. పక్కన కూచున్నాను."

ఆమె కలం మూత పెట్టింది, మళ్ళీ తీసింది. తర్వాత "నిరాకరణ, మూడు" అని రాసింది. ఉద్యోగం.

ప్రభంజనరావుగారిని నలుగురు పట్టి అరుగు మీద పడుకోబెట్టారు. మేరీ సుగుణగారు నాడి చూసి, "ఏం కాదు, ఎడమ పక్కకి తిప్పండి," అన్నారు. తిప్పాక ఆయన సుందర్రావుగారి చెయ్యి పట్టుకున్నారు.

"సుందర్రావుగారూ, మీరు నా ప్రాణం కాపాడారు. జన్మలో మర్చిపోలేను. మీ అనుమతి తిరస్కరిస్తున్నాను. రెండూ వేరువేరు విషయాలు."

"అలాగేనండి. కొంచెం వాము నీళ్ళు తాగండి," అన్నారు సుందర్రావుగారు.

*

తనిఖీ నివేదిక మీద సంస్థ తీవ్రంగా స్పందించింది. భవిష్యత్తులో ఇటువంటి ప్రాణాపాయం కలగకుండా, ప్రతి బృందంలోనూ అతిథుల తరఫున ఆకు మీద చెయ్యి పెట్టడానికి ఒక అడ్డుచేతి అధికారిని నియమించింది. ప్రభుత్వమే అందరికీ అయినది కాబట్టి ఆయన చెయ్యి చెల్లుతుందని న్యాయసలహా కూడా తీసుకున్నారు. ఆయనతో కలిపి సంఘంవారు ఎనిమిదిమందయ్యారు. చిన్న బృందం నిండింది. నిరాకరణలు ఎక్కువగా పర్యాటకుల వల్లే వస్తున్నాయని గణాంకాలు చెబుతున్నాయి గనక, వాళ్ళకి చోటు లేకపోవడం మంచిదేనని సంస్థ సంతృప్తి వెలిబుచ్చింది. ఆ ఏడు నిదానంలో రాష్ట్రానికి జాతీయ బహుమతి వచ్చింది. ప్రభంజనరావుగారు విమానంలో వెళ్ళి అందుకుని, అదే విమానంలో తిరిగొచ్చారు.

తాటిచెర్లపాలెంలో మాత్రం రెండు వారాలు గవరమ్మ పొయ్యి ఒక మనిషికి సరిపడా మండింది. సుందర్రావుగారు లాకు గోడ మీద ఒక్కరే కూచున్నారు.

మూడో వారం ఒక బుధవారం బస్సు ఆగింది. మేరీ సుగుణగారు దిగారు. వెనక ఇంకో ఐదుగురు. బస్టాపులో పెట్టిన కుర్చీలోంచి వేగ మాపన అధికారి లేచాడు.

"అనుమతి లేదండి. ఏమని వచ్చారు మీరంతా?"

"చుట్టాలం," అందావిడ.

"చుట్టాలా?"

"సుందర్రావుగారికి. ఆయన నాకు అన్నయ్య వరస." చేతిసంచీలోంచి నియమావళి తీసింది. ఆ రోజు పంక్తిలో తనొక్కతే చెయ్యి కడుక్కుని ఖాళీగా కూచుంది. ఎదురుగా నియమావళి ఉంటే మొదటినుంచీ చదివింది. "నిబంధన ఒకటి. పర్యాటకుడు అనగా స్థానికులతో ఎట్టి బంధుత్వమును లేని వ్యక్తి. మేం పర్యాటకులం కాదు నాయనా. చుట్టపుచూపుగా వచ్చాం. చుట్టాలు ఎంత వేగంతో నడవాలో ఇందులో ఎక్కడైనా ఉందా?"

ఆయన పేజీలన్నీ తిప్పి చూశాడు. లేదు. వాళ్ళు గట్టు మీద చాలా నిదానంగా వెళ్ళిపోతుంటే, యంత్రం ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూచున్నాడు.

ఆ నెలలో సుందర్రావుగారికి నలభైమంది చుట్టాలు పెరిగారు. వారం మళ్ళీ మూడు రోజులైంది.

ఒక ఆదివారం పంక్తి వేస్తుండగా గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. హిమజ. సెలవురోజు. భుజాన సంచీ, సంచీలోంచి నీలం అట్ట అంచు బయటికి కనపడుతోంది.

"తనిఖీకి రాలేదండి," అంది గబగబా. "ఊరికే వచ్చాను. ఆ రోజు నేను భోంచెయ్యలేదు. అందరివీ రాస్తూ..." ఆగిపోయింది. "నేనెవరికీ ఏమీ కాను. లోపలికి రావచ్చాండీ?"

గవరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఆమెని ఎగాదిగా చూసింది.

"ఏమీ కాకపోవడవేటి? నాకు మేనకోడలివి. ఇంతసేపా రావడం? ఆకు వెయ్యండే దీనికి!"

హిమజ మేరీ సుగుణగారికి ఎదురుగా కూచుంది. అన్నీ వడ్డించారు. సుందర్రావుగారి ఆకు దగ్గర గరిటె రెండోసారి వంగినప్పుడు, ఆయన ఎప్పట్లాగే నోరు తెరిచి, మొహమాటంతో మూసుకున్నారు. మేరీ సుగుణగారు ఎవరికో మధుమేహం గురించి చెబుతూ చెబుతూ, చూడకుండానే, చెయ్యి చాపి ఆయన ఆకు మీద అడ్డం పెట్టారు. ఆయన ఆ చేతికేసి ఒక్క క్షణం చూశారు. తల దించుకుని పెరుగన్నం కలుపుకున్నారు.

గరిటె హిమజ దగ్గరికి వచ్చింది. మొదటిసారి "చాలండి" అంది. పడింది. రెండోసారి "చాలండీ!" అంది. పడింది. మూడోసారి కంగారులో, చేతికందిన రిజిస్టరు లాగి ఆకు మీద అడ్డం పెట్టింది.

"పుస్తకాలు చెల్లవే అమ్మా," అని గవరమ్మ కొర్రమీను పులుసు నిండుగా దాని మీద పోసింది.

హిమజ రిజిస్టరుకేసి చూసింది. అట్ట మీద బంగారు అక్షరాల్లోంచి పులుసు నెమ్మదిగా, ఏ అనుమతీ లేకుండా, లోపలి కాగితాల్లోకి ఇంకుతోంది. ముక్క ఒకటి ముద్ర మీద కుదురుగా కూచుంది. ఆమె నవ్వాపుకోలేక, రిజిస్టరుని పక్కకి నెట్టేసి, రెండు చేతులూ ఆకు మీద పెట్టి, ముందుకి వంగింది.

"అత్తా, నీకు పుణ్యముంటుంది."

గరిటె వెనక్కి వెళ్ళింది. అప్పటికీ ఒక చుక్క వేళ్ళ మీద పడింది.